దీపాల కిటికీలో అల్లిక సూదులు

తెల్లవారకముందే నాకు ఫోను చేసేవాళ్ళు ఈ వయసులో రెండే రకాలు. నంబరు తప్పు నొక్కినవాళ్ళు, చావు కబురు చెప్పేవాళ్ళు. మొన్న ఫోను మోగినప్పుడు తప్పు నంబరే కావాలని కోరుకుంటూ ఎత్తాను. అక్క కూతురు. "చిన్నమ్మా, అమ్మ పోయింది. నిద్రలనే పోయింది" అన్నది. "పండుకునే ముందు గూడ డాక్టర్ను తిట్టింది" అని కలిపింది. పోయింది మా అక్కే, అనుమానం లేదు.

అక్క అంటే తోబుట్టువు కాదు. గోదావరిఖని క్వార్టర్లలో మా ఇంటికీ ఆమె ఇంటికీ మధ్య ఒకటే గోడ. మేము పోపు వేస్తే వాళ్ళు తుమ్మేవారు. వాళ్ళు ప్రార్థన చేస్తే ఇవతల మా అత్తగారు పొరపాటున ఆమెన్ అంటానేమోనని పెదవులు బిగపట్టుకునేది. అట్లా కలిసిన బంధుత్వం.

సమాధుల తోటలో మట్టి వేసే ముందు ఒక పెద్దమనిషి లేచి మాట్లాడాడు. మంచివాడే. మంచి మాటలే చెప్పాలనుకున్నాడు. "ఆమె సహనమూర్తి. కష్టాలన్నీ నోరు మెదపకుండా భరించింది" అన్నాడు. నేను ఒక ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని విన్నాను. మోకాళ్ళు సహకరించి ఉంటే అక్కడే లేచి కాదనేదాన్ని. సహకరించలేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. అక్క నోరు మెదపకుండా ఏదీ భరించలేదు. అవసరమైన చోట మెదిపింది, అప్పుడప్పుడు అవసరం లేని చోట కూడా మెదిపింది. ఆడమనిషి నోరు మూతపడగానే దానికి సహనమని పేరు పెట్టడం మనవాళ్ళకు అలవాటు. ఆమె ఎదురు చెప్పలేని రోజు చూసుకుని అన్న మాట అది. అందుకని ఆమె తరఫున నేను ఎదురు చెబుతున్నాను.

నేను పెళ్ళయి ఆ కాలనీకి వచ్చింది అరవైల చివర్లో. హనుమకొండలో బి.ఏ. చదివాను. ఆ చదువు అక్కడ ఎందుకు పనికొస్తుందో నాకు తెలియలేదు, పొయ్యికైతే అసలే తెలియలేదు. వంటంతా బొగ్గు మీద. రాజేయడం రాక మొదటి రోజే ఇంటిల్లిపాదినీ పొగతో ఏడిపించాను. ఉతికి ఆరేసిన చీర దండెం మీదనే మళ్ళీ నల్లబడేది. ఒక మధ్యాహ్నం పెరట్లో ఆ చీరను ఒళ్ళో పెట్టుకుని కళ్ళు తుడుచుకుంటుంటే గోడ మీదుగా ఒక తల లేచింది.

"ఏంది చెల్లె, పొగకా, మొగనికా?"

"చీరకు" అన్నాను.

"చీరకైతె ఫికర్ లేదు. ఈడ తెల్లచీర కట్టేది కొత్తగొచ్చినోళ్ళు, దవాఖాన నర్సులు. నర్సులకు సబ్బు ఫిరీ. నువ్వు రంగుది కట్టు."

ఆ తర్వాత గోడ చుట్టూ తిరిగి వచ్చి, కుంపటిని ఇంట్లోంచి వాకిట్లోకి ఈడ్చి, కింద పిడకల ముక్కలు, పైన బొగ్గు పేర్చి అంటించింది. "పొగంత పోయినంక లోపలికి తేవాలె. మనుషులైనా అంతే. పొగతోని ఉన్నోళ్ళను ఇంట్లకు రానియ్యొద్దు" అన్నది. మా ఆయన డ్యూటీ నుంచి కోపంగా వచ్చిన రోజుల్లో ఆ సూత్రం నాకు బాగా పనికొచ్చింది.

అక్క చేతిలో ఎప్పుడూ ఊలు ఉండేది. మా రామగుండం వైపు ఎండలకు పిట్టలు కూడా నడిచిపోతాయని మా చుట్టాలు వేళాకోళం చేసేవారు. అట్లాంటి చోట ఊలేమిటని నేనూ నవ్వాను. అక్క నన్ను చలికాలం ఒక సాయంత్రం బాయి దారికి తీసుకుపోయి నిలబెట్టింది. బాయి అంటే మా దగ్గర బొగ్గు గని. షిఫ్టు దిగి మనుషులు పైకి వస్తున్నారు. లోపలి ఉక్కకు చెమటతో, పైకప్పు నుంచి కారే నీళ్ళతో తడిసి ముద్దయి ఉన్నారు. పైకి రాగానే గోదావరి మీది గాలి వాళ్ళ ఛాతీకి తగిలింది. వరుసలో మొదటివాడి నుంచి చివరివాడి దాకా దగ్గు. నేను మళ్ళీ ఊలు గురించి నవ్వలేదు.

చిన్నప్పుడు మిషన్ హాస్టల్లో ఒక నర్సమ్మ దగ్గర ఆమె అల్లిక నేర్చుకుంది. మధ్యాహ్నాలు ఆమె అరుగు మీద మేమంతా చేరేవాళ్ళం. స్వెట్టర్లు, మఫ్లర్లు, పసిపిల్లల టోపీలు. నోళ్ళు ఒక వైపు, చేతులు ఒక వైపు పని చేసేవి. నా మొదటి మఫ్లర్ ఒక చివర బెత్తెడు, ఇంకో చివర మూరెడు వెడల్పుతో తయారైంది. సిగ్గుపడి మొత్తం విప్పబోయాను. అక్క చేయి పట్టుకుంది. "తప్పు ఏడున్నదో ఆడి దాకనే ఇప్పు. మొత్తం ఇప్పేసుడు సుఖం. అది పని తప్పించుకునుడు." పిల్లల పెంపకంలో, మొగుడితో తగువులో, అత్తతో మాట పట్టింపులో అక్క ఈ ఒక్క మాటనే తిప్పి తిప్పి వాడేది. నాకు రెండోసారి కూడా ఆడపిల్ల పుడితే చూడడానికి వచ్చినవాళ్ళంతా ఓదార్చారు. ఓదార్చేంత నష్టం ఏం జరిగిందో ఎవరూ చెప్పలేదు. అక్క మాత్రం పిల్ల ఏడుపు విని, "గొంతు చూడు దీనిది! ఇగ కంపెనీ సైరన్‌కు సెలవియ్యొచ్చు" అన్నది. పసుపుపచ్చ టోపీ ఒకటి పిల్ల నెత్తిన పెట్టి, నాకు ఒక గిన్నెడు కోడికూర పెట్టి పోయింది.

మా అత్తగారికి ఈ అల్లిక నచ్చేది కాదు. మొగవాడు బాయిలో ఉండగా ఇంట్లో ఆడది ముడులు వేస్తే వాడి దారికి ముడి పడుతుందని ఆమె నమ్మకం. ఆమె ఒక్కతే కాదు, ఆ వరుసలో సగం మంది ముసలమ్మలది అదే మాట.

"మొగోళ్ళు భూమిల ఉండంగ ముడులేసుడేందే పిల్లా?" అని ఒకనాడు అరుగు ముందు నిలబడి అడిగింది.

"ఇవి ముడులు గావు అత్తమ్మా. కొస పట్టి గుంజితె మొత్తం ఊడొస్తది" అన్నది అక్క. "నమ్మకపోతె నీ కోడలు అల్లింది చూడు. అది గుంజకముందే ఊడొస్తది."

అత్తగారు నవ్వు ఆపుకోలేక, నవ్వితే ఓడిపోయినట్టవుతుందని లోపలికి వెళ్ళిపోయింది.

అత్తగారి గురించి ఇంకో సంగతి చెప్పాలి. ఆమె చిన్న వయసులోనే భర్తను పోగొట్టుకుంది. ఒక్క కొడుకు, మా ఆయన. సర్దారు ఉద్యోగం, అంటే బాయి లోపల ఒక జట్టును నడిపించే పని. రోజూ పొద్దున సద్ది గిన్నె తానే కట్టేది. కోడలి చేతికి ఇవ్వదు. కానీ కొడుకు డ్యూటీకి బయలుదేరే సమయానికి గిన్నెను గడప మీద పెట్టి తలుపు వెనక్కి పోయి నిలబడేది. సైకిలు సందు మలుపు తిరిగిన చప్పుడయ్యాకనే బయటికి వచ్చేది. బాయికి పోయేవాడికి భర్త లేని ఆడదాని మొహం ఎదురు రాకూడదు. ఇది ఆమెకు ఎవరూ వేసిన శిక్ష కాదు, తనే వేసుకున్నది. మా ఆయన చిన్నప్పటి నుంచి చూస్తున్నాడు కాబట్టి అది అతనికి తలుపుకు గడియ ఉన్నంత మామూలు. నాకు కూడా కొన్నాళ్ళకు మామూలైపోయింది. చదువుకున్నంత మాత్రాన కళ్ళు తెరుచుకుని ఉంటాయని ఎక్కడా లేదు.

డెబ్భైల నడుమ, ఒక వానాకాలం, అక్క భర్తకు కామెర్లు వచ్చాయి. నెమ్మదస్తుడు, బాయిలో ట్రామర్‌గా బొగ్గు టబ్బులు తోసేవాడు. దవాఖానలో చేర్చారు, నాటుమందు కూడా వేయించారు. దక్కలేదు. కామెర్లకూ ఊలు సూదులకూ ఏం చుట్టరికమో నాకు ఇప్పటికీ తెలియదు. దినాలు కూడా కాకముందే సందులో మాట పుట్టింది. ముడులు వేసి వేసి మొగుణ్ణి ముడేసిందట. చూడడానికి వచ్చిన ఒకావిడ ఏడుస్తూనే, "ఇగ ఆ సూదులు గోదాట్ల పారెయ్యి బిడ్డా" అని సలహా కూడా ఇచ్చింది.

అక్క ఏడుపు ఆపి చూసింది. "ఆయినెకు అల్లుతున్న స్వెట్టర్‌కు ఒక చెయ్యి మిగిలింది. అది అయినంక చెప్త" అన్నది.

ఊరి నుంచి మరిది వచ్చాడు. గోదావరి అవతల జైపూర్ వైపు వాళ్ళ ఊరు. అన్న పోయాడు కాబట్టి ఆ ఇంట్లో ఒకరికి కంపెనీ కొలువు ఇస్తుంది. ఆ కొలువు తనకు రాయించమని, వదిన పిల్లలను తీసుకుని ఊరికి వచ్చేయాలని అతని ఏర్పాటు. చెడ్డవాడని అనను. అక్క సొంత తమ్ముడైనా, నా తమ్ముడైనా అప్పట్లో అదే అడిగేవాడు. పెద్దమనుషులు అరుగు మీద కూర్చున్నారు. నేను గోడ ఇవతల నుంచి, సిగ్గు లేకుండా, చెవి పెట్టి విన్నాను.

"వదినా, నువ్వు ఆడమనిషివి. నౌకరి నేను చేస్త. నీకు, పిల్లలకు నేను అన్నం పెడ్త."

"అన్నం నేనే వండుకుంట మరిదీ" అన్నది అక్క. "నీకు ఆకలైనప్పుడు రా. పెడ్త."

పెద్దమనుషుల్లో ఒకాయన దగ్గాడు. అక్క నోరు మెదపకుండా భరించిందన్నారే, వాళ్ళ కోసం ఈ ముక్క రాశాను.

ఆ కొలువు తనకే ఇవ్వాలని ఆమె పట్టు పట్టింది. ఆడవాళ్ళను బాయి లోపలికి దింపరు, పైన పని ఇవ్వాలి. దీపాల గదిలో ఇచ్చారు. బాయిలోకి దిగే ప్రతి మనిషికీ నెత్తిన పెట్టుకునే దీపం ఉంటుంది, నడుముకు దాని బ్యాటరీ. షిఫ్టు మొదలయ్యే ముందు కిటికీ దగ్గర తన నంబరు చెప్పి, ఇత్తడి బిళ్ళ ఇచ్చి దీపం తీసుకోవాలి. పైకి వచ్చాక దీపం ఇచ్చి బిళ్ళ తీసుకోవాలి. మొదటి షిఫ్టుకు రెండు కిటికీలు. నంబర్లు సగం ఒకదానికి, సగం ఇంకొకదానికి. ఒక కిటికీలో ఏళ్ళ తరబడి ఒక ముసలి సాయిబు ఉన్నాడు, అందరూ చాచా అనేవారు. రెండో కిటికీ అక్కకు వచ్చింది.

మొదటి రోజు చీర మీద భర్త కోసం అల్లిన ఆ స్వెట్టర్ వేసుకుంది. చేతులు పొడుగై రెండు మడతలు పెట్టుకుంది. సందులో ఆడవాళ్ళు చూస్తుంటే, "ఊలు పారేస్తె దండుగ గాదూ?" అని నడుచుకుంటూ పోయింది.

ఇప్పుడు అక్కడ జరిగింది మీరు ఊహించగలరు. పొద్దున్నే భూమిలోకి దిగబోయేవాడికి మొదట ఎదురయ్యేది భర్త పోయిన ఆడదాని మొహం, అదీ సూదులతో పేరు పడ్డ ఆడది. పైగా దీపం తీసుకోవలసింది ఆ చేతి నుంచే. ఆమె కిటికీకి ఒక్కడు రాలేదు, మా ఆయన కూడా. అందరూ చాచా కిటికీ ముందు మూగి, ఆమె అరల్లో ఉన్న తమ దీపాలు కూడా చాచానే తెచ్చివ్వమన్నారు. ఒకరిద్దరు ఆమె కిటికీ వైపు చూసి పక్కకు ఉమ్మి పోయారు. రెండు రోజులు చాచా అటూ ఇటూ తిరిగి తెచ్చిచ్చాడు. మూడో రోజు చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

"అరే బాబా, నాకు మోకాళ్ళ నొప్పి. ఆ కిటికీ దగ్గర ఏం పులి ఉన్నదా? పోయి తీస్కోండ్రి."

పులి ఉన్నా పోయేవారేమో. పోలేదు. షిఫ్టు ఆలస్యమైంది. చాచా మళ్ళీ లేవక తప్పలేదు. అక్క ఏం చేసింది? బిళ్ళల డబ్బా పక్కకు జరిపి, సంచిలోంచి సూదులు తీసి, ఆ కిటికీలోనే, అందరికీ కనపడేటట్టు, అల్లడం మొదలుపెట్టింది. సాయంత్రం ఇంటికి వచ్చి నాకు చూపించింది. "చూడు చెల్లె, పొద్దుగాల ఇంత సాగింది. వాళ్ళిట్లనే భయపడితె పండుగ వరకు పిల్లలిద్దరికి స్వెట్టర్లు అయితయి."

నవ్వాను. కానీ ఆ అల్లికలో అక్కడక్కడ వరుస తప్పి ఉండడం చూశాను.

వారం తిరగకుండా దీపాల గది మీద పెత్తనం ఉన్న మనిషి ఆమెను పిలిచాడు. గట్టిగా మాట్లాడలేదు, మర్యాదగానే చెప్పాడు. వెనకవైపు ఊడ్చే పని ఉంది, అక్కడ ఎవరికీ కనపడదు, ఎవరికీ శంక ఉండదు. సోమవారం దాకా చూస్తాడట. అప్పటికీ మనుషులు ఆ కిటికీకి రాకపోతే మార్చక తప్పదట.

ఆ రోజు మా అరుగు మీద అందరం ఉన్నాం. అక్క డ్యూటీ నుంచి నేరుగా వచ్చి కూర్చుని సంగతి చెప్పింది.

"పోరాదు అక్కా" అన్నది ఎదురింటి ఆమె. "యాడైతేంది, నౌకరైతె ఉంటది గద. జీతం అదే గద."

"నౌకరి ఉంటది" అన్నది అక్క. "ఇయ్యాల మొఖం దాచుకొని వెనుకకు పోతె, రేపు మరిది మళ్ల వస్తడు. ఆడిదానితోని కాలేదు, నాకు రాయుండ్రి అంటడు. ఎల్లుండి పిల్లలు ఊళ్ళె బర్లు కాస్తరు. నేను ఒక్క అడుగు వెనుకకేస్తె ఆడ ఆగ చెల్లె, నా సంగతి నాకెరుక."

అన్నాళ్ళూ ధైర్యం చెప్పే పని ఆమెది, చెప్పించుకునే పని నాది. ఆ రోజు ఆమె మాటే ఆమెకు అప్పగించాను. "తప్పు ఉన్న కాడి దాకనే ఇప్పాలె అక్కా. తప్పు నీ కాడ లేదు. నువ్వు జరగకు."

తలుపు దగ్గర నుంచి మా అత్తగారు కలగజేసుకుంది. "జరిగితె ఏమైతది? మొగోళ్ళ పాణాలతోని పంతమేంది? పొద్దుగాల దిగంగ గా మొఖం చూడాల్నా?"

అక్క సూదులు ఒళ్ళో పెట్టుకుంది. కోపంతో అడుగుతుందనుకున్నాను. చాలా మెల్లగా అడిగింది.

"అత్తమ్మా, నువ్వు ఇన్నేండ్లు తలుపెనుక నిలవడ్డవు. కొడుకు పోంగ ఒక్కపారన్న చూసినవా? వాడు సైకిలెక్కినంక ఎట్లుంటడో, వెనుకకు తిరిగి చూస్తడో, చూడడో, నీకెరుకనా?"

అత్తగారు సందు మలుపు వైపు చూసింది.

"నిన్నేమంటలేను. నువ్వు దాచుకున్నవు, నీ ఇష్టం. నన్ను గూడ తలుపెనుకకు రమ్మంటె ఎట్ల? జాగ సాలదు ఇద్దరికి."

అత్తగారు లేచి లోపలికి పోయింది. ఆ పూట అన్నం తినలేదు. వంటింట్లో గిన్నెలు అవసరానికన్నా గట్టిగా సర్దింది.

మరునాడు పొద్దున మా ఆయన బూట్లు వేసుకుని సైకిలు బయటికి తీశాడు. గడప మీద సద్ది గిన్నె లేదు. తల ఎత్తి చూస్తే, గేటు అవతల, సందు మధ్యలో, గిన్నె పట్టుకుని వాళ్ళ అమ్మ నిలబడి ఉంది. మొదటి షిఫ్టు మనుషులు సైకిళ్ళ మీద పోతూ ఆమెను చూసి పక్కకు తప్పుకుంటున్నారు.

"అవ్వా! లోపలికి పో" అన్నాడు, నిజంగానే భయపడి.

"ఏం, నిన్ను కన్నది ఏ మొఖమనుకున్నవ్? పట్టు గిన్నె." గిన్నె హ్యాండిల్‌కు తానే తగిలించింది. "పోయి మన పక్కింటి పిల్ల కిటికీల దీపం తీస్కో. నంబరు ఆడనే గద నీది?"

"అవ్వా, జట్టోళ్ళు ఏమనుకుంటరు..."

"ఏమనుకుంటరు? నా మొఖం చూసినంక నీకు అంతకన్న పెద్ద అపశకునం ఇంకేమున్నదిరా? అయ్యేది ఈడనే అయిపోయింది. పో, నిమ్మలంగ తీస్కో."

ఈ తర్కానికి నా బి.ఏ.లో సమాధానం లేదు. మా ఆయన దగ్గర కూడా లేదు. పోయాడు. అత్తగారు సందు మలుపు దాకా చూసింది. సైకిలు తిరిగేటప్పుడు ఆయన ఒక్క కాలు నేల మీద ఆనించి వెనక్కి చూశాడు. ఆమె నా వైపు తిరిగి, "చూస్తడే" అన్నది. అంతే అన్నది.

కిటికీ దగ్గర జరిగింది చాచా చెప్తే తెలిసింది. మా ఆయన నేరుగా పోయి నంబరు చెప్పాడట. అక్క సూదులు పక్కన పెట్టి, బిళ్ళ తీసుకుని, దీపం ఇచ్చిందట. వెనక జట్టు అంతా చూస్తోంది. సర్దారు తీసుకున్నాక జట్టులో ఇద్దరు, మరీ సర్దారు కన్నా పిరికివాళ్ళమనిపించుకోవడం ఇష్టం లేక, వచ్చి తీసుకున్నారు. మిగతావాళ్ళు చాచా దగ్గరికే పోయారు.

ఇక ఇంటి దగ్గర. శకునాలంటే నాకు నమ్మకం లేదు. ఆ సంగతి నేను ఎవరినైనా వాదించి ఒప్పించగలను. ఆ రోజు షిఫ్టు దిగే దాకా నన్ను నేను ఒప్పించుకోలేకపోయాను. కూరలో ఉప్పు రెండుసార్లు వేశాను. ఏం చేయాలో తోచక సూదులు తీసుకుని గడపలో కూర్చున్నాను. అత్తగారు వచ్చి నా పక్కన కూర్చుంది. ఊలు ఉండ దొర్లిపోతుంటే పట్టుకుని ఒళ్ళో పెట్టుకుని, నాకు కావలసినంత దారం వదులుతూ ఉంది. ముడుల మాట ఎత్తలేదు. సైరన్ మోగినప్పుడు ఇద్దరం లేవలేదు. లేస్తే భయపడినట్టు తెలిసిపోతుంది కదా. సైకిలు బెల్లు వినిపించాక ఆమె, "ఉప్పు ఎక్కువైంది కూరల, నీళ్లు పొయ్యి" అని లేచింది.

ఒక్క రోజులో లోకం మారిందని రాస్తే అక్క పై నుంచి తిడుతుంది. మారలేదు. కానీ అత్తగారు ఆ పొద్దు నుంచి రోజూ సందు మధ్యలోనే నిలబడింది. ఆమెను చూసి అటు వరుసలో ఇంకో ముసలమ్మ బయటికి వచ్చింది, తర్వాత ఇంకొకామె. ఆ సందులో తలుపుల వెనక అంతమంది ఉన్నారని అప్పటిదాకా ఎవరికీ తెలియదు. ఇంటి దగ్గరే ఇంతమంది మొహాలు ఎదురవుతుంటే కిటికీలో ఒక్క మొహాన్ని తప్పించుకుని ఏం లాభం? సోమవారం నాటికి అక్క కిటికీ ముందు వరుస అనదగ్గది ఒకటి ఏర్పడింది. పొట్టిదే. దీపాల గది మీద పెత్తనం ఉన్న ఆ మనిషి వచ్చి చూసి, ఆమెను అక్కడే ఉండనిచ్చాడు. మరిది తర్వాత వచ్చాడు, అన్నం తిన్నాడు, పోయాడు.

ఆ ఊపులోనే అక్క నా మీద పడింది. "బి.ఏ.ను పెట్టెల పెట్టి చెదలకు సదువు చెప్తున్నవా? బడిల పిల్లలు లేరా?" కాలనీ బడిలో టీచరు పని ఖాళీ ఉంటే ఆమే కనుక్కుని వచ్చింది. అత్తగారు పిల్లలను చూసుకుంటానంది, చూసుకోవలసి వచ్చిందని రోజూ గొణిగింది కూడా. బడికి పోయే దారి దీపాల గది ముందు నుంచే. అట్లా తర్వాతి సంగతి నా కళ్ళతో చూశాను. పెద్దమనుషుల సభల్లో ఎవరూ చెప్పని సంగతి కాబట్టి దీనితో ముగిస్తాను.

కొన్నేళ్ళకు బాయి లోపల ఒకచోట పైకప్పు కూలింది. కింద ఉన్నవాళ్ళు గీత పడకుండా బయటపడ్డారు. ఎవరో లెక్క చూశారు, వాళ్ళంతా అక్క కిటికీలో దీపం తీసుకున్నవాళ్ళేనట. ఇంకేం, మరునాటి నుంచి ఆమె చెయ్యి చల్లని చెయ్యి అయిపోయింది. చాచా కిటికీ ముందు ఈగలు. అక్క కిటికీ ముందు తిరునాళ్ళు. తమ నంబరు చాచా వైపు ఉన్నవాళ్ళు కూడా, నీ చేత్తో ముట్టి ఇయ్యమని బతిమాలడం. ఒకడైతే కిటికీ చువ్వలకు పసుపు బొట్టు పెట్టాడు.

నేనైతే ఎంత గెలుపు అని మురిసిపోయాను. ఉమ్మినవాళ్ళు మొక్కుతున్నారు, ఇంకేం కావాలి? చలికాలం, ఇంకా వెలుతురు సరిగా రాలేదు. పొద్దున్నే క్లాసు ఉండి, బడికి పోతూ ఆ వరుస చూసి ఆగాను. ముందున్నది కొత్తగా పెళ్ళయిన పిల్లవాడు, చేతికి ఇంకా కంకణం ఉంది.

"అక్కా, నీ చేత్తోని ఇయ్యక్కా. కొత్తగ పెండ్లయింది."

"పెండ్లయితె షిఫ్టు అయినంక జల్ది ఇంటికి పో" అన్నది లోపల నుంచి అక్క. "నీ నంబరు ఆ కిటికీల ఉన్నది. చాచా ఇస్తడు."

"గట్లనకక్కా. నీ చేతిల ఉన్నది."

చువ్వల అవతల అక్క మొహం కనిపించింది. భర్త స్వెట్టర్ అన్ని చలికాలాలకు మోచేతుల దగ్గర అరిగి, వేరే రంగు ఊలుతో అతుకు పడి ఉంది. ఆమె కొంగుతో చువ్వల మీది పసుపును తుడిచింది. తీరిగ్గా, ఒక్కో చువ్వ.

"ఇనుండ్రి అందరు. నా చేతిల ఏం లేదు. మీరు ఉమ్మిన నాడు లేదు, మొక్కే నాడు లేదు. లైటు బ్యాటరీల ఉన్నది. నేను శకునం గాను. డ్యూటీల ఉన్న."

కిటికీకి ఉన్న రేకు తలుపును ధడాలున కిందికి లాగింది.

వరుస కాసేపు అట్లాగే నిలబడింది. ఎవరో గొణిగారు, ఎవరో నవ్వారు. చాచా తన కిటికీలో నుంచి తల బయటపెట్టి, "ఆవో భాయి, నా చెయ్యి గూడ ఉన్నది" అన్నాడు. పెళ్ళికొడుకు ముందుగా కదిలాడు. తర్వాత ఒకడు, ఇంకొకడు. నోళ్ళలో నుంచి పొగలు, నెత్తిన ఇంకా దీపం పెట్టని టోపీలు, ఎవరి నంబరు ఎటో గుర్తు చేసుకుంటూ ఆ మనుషులు చీకట్లో మెల్లగా రెండు వరుసలయ్యారు. ఒకటి ఎంత ఉందో ఇంకొకటీ ఇంచుమించు అంతే ఉంది.

అప్పుడు రేకు తలుపు పైకి లేచింది. ఆమె తల ఎత్తి ఎదుట ఉన్నది ఎవరో చూడలేదు. చెయ్యి మాత్రం చువ్వల్లోంచి బయటికి వచ్చింది, బిళ్ళ కోసం చాచి.

"నంబరు?" అన్నది.